కోటు క్రింద పంచె

విజయనగరము కోట పరిసరములను ఎరిగిన పెద్దలకు ఒక వేషము జ్ఞాపకముండవచ్చును. క్రింద తెల్లని పంచె, పైన మెడవరకు బొత్తాములు బిగించిన కోటు, భుజముపై ఉత్తరీయము, తలపై పాగా. న్యాయవాదియైనను, ఉపాధ్యాయుడైనను, కచేరీ గుమాస్తాయైనను ఇంచుమించుగా ఇదియే ఉడుపు. నడుమునకు పైభాగము దొరలది, క్రిందిభాగము మనది. దీనిని చూచి నవ్వినవారు లేకపోలేదు. నాకు మాత్రము నవ్వవలసినదేమియు కనబడదు. కొలువునకు ఈయవలసినంత ఇచ్చి, తక్కినది తమకు మిగుల్చుకొన్న వేషమది. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడిన 'కన్యాశుల్కము'లోని గిరీశము సంగతి వేరు. ఆయనకు ఇంగ్లీషు మాటలే కోటు!

అసలు దొరల మర్యాదయైనను నిలుకడగా నున్నదా? 1936లో విజయనగరము మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు భారత క్రికెట్ జట్టునకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళెను. 'సర్' బిరుదమును ఆ యేడే పొందెను. దానిని 1947లో ఆయన విడిచిపెట్టెను. తరువాత రేడియోలో ఆటకు వ్యాఖ్యానము చెప్పిన 'విజ్జీ' ఆయనయే. ఆ 1936లోనే ఎనిమిదవ ఎడ్వర్డు తన కొలువులో మోకాళ్ళవరకు వ్రేలాడు ఫ్రాక్ కోటు నియమమును తొలగించెను. ఇక యుద్ధకాలమున, 1941 జూన్ 1 నుండి, బ్రిటనులో బట్టలకు రేషను వచ్చెను. మరుసటి యేడు పంట్లాము అంచున మడత పెట్టుటకూడ నిషిద్ధమయ్యెను. శాశ్వతమని మనము నమ్మినదానిని, గుడ్డ చాలనప్పుడు వారే కత్తిరించుకొనిరి.

మా తండ్రిగారు శ్రీకాకుళము జిల్లాలో ఉపాధ్యాయులు. పంచెలు పొందూరువి. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, సన్నని నూలు వడకి నేసెడి ఖద్దరు అది. కోటు మాత్రము నల్లని సెర్జిది, ఒక్కటే. ఇన్‌స్పెక్టరు వచ్చిననాడును, పెండ్లినాడును తప్ప అది పెట్టె దిగెడిది కాదు. రంగు వెలసినప్పుడు దర్జీ కుట్లన్నియు విప్పి, లోపలి ముఖము పైకి వచ్చునట్లు గుడ్డను తిరగవేసి మరల కుట్టెను. పాత కాజాలను రఫూ చేసెను. కాని తిరగవేసిన కోటును పోల్చుటకు ఒక గుర్తు కలదు: ఎడమనుండవలసిన రొమ్ముజేబు కుడికి మారును.

1968లో నేనొక ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోవలసివచ్చినది. క్రొత్త కోటుకు డబ్బు లేదు. తండ్రిగారి కోటునే విజయనగరములో ఒక ముసలి దర్జీకడకు తీసికొనిపోతిని. ఆయన అస్తరు విప్పి, వీపుకుట్టులో వ్రేలు పెట్టి చూచి, "బాబూ, దీన్ని కత్తిరించినోడు మంచి పనోడు. రేపటి ఒంటిక్కూడా గుడ్డ దాసినాడు" అనెను. ఇరుప్రక్కల కుట్లలోను ఇంచుమించు ఒకటిన్నర అంగుళము గుడ్డ మిగిలియుండెను. దానిని వదులు చేసి, సుద్దతో గీచి, రెండు దినములలో నాకు సరిపుచ్చెను.

ఇంటర్వ్యూలో ఒక అధికారి నా కుడిజేబువంక చూచి, "ఈ కోటు ఎవరిది?" అనెను. ఉద్యోగము రాలేదు. కారణము జేబే యని చెప్పజాలను. తక్కిన ప్రశ్నలన్నియు మరచితిని; అది మాత్రము మరువలేదు. ఇంటికి వచ్చి తండ్రిగారితో ఈ మాట చెప్పలేదు.

నల్లకోటు నేటికిని న్యాయవాదులను విడువలేదు. ఐనను మెడవరకు బిగించు కోటును, పంచెను బార్ కౌన్సిల్ నిబంధనలు అంగీకరించును. హైకోర్టు, సుప్రీంకోర్టులలో తప్ప వేసవిని కోటు తప్పనిసరి కాదు. మన యెండలకు ఆ మాత్రపు దయ అవసరమే. ఇక అంగళ్ళలో దొరకెడి కోట్లలో పెక్కింటికి లోపలి కాన్వాసును కుట్టుటకు బదులు జిగురుతో అంటించుచున్నారు. కుట్టులో విడిచెడి గుడ్డయు స్వల్పమే. వానిని తిరగవేయుమని ఏ దర్జీని అడుగుదుము?

ఆ సెర్జికోటు నా పెట్టెలో నున్నది. మొన్న మా మనుమడు తొడిగి చూచెను. భుజములు సరిపోయినవి, చేతులు పొట్టియైనవి. అంచు విప్పి చూచితిని. లోపల ఇంకను అరయంగుళము గుడ్డ కలదు.