పొట్టితనం మన పుట్టుక కాదు: డాక్టర్ గోపాలన్, ఆయన దోస్తుల యాది

(నారపల్లిలో కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, సంఘం మిత్రులు కూడిన చోట ఒక బడిపంతులు మాట్లాడిన మాటల పాఠం)



ఇయ్యాల ఒక డాక్టరును యాది చేసుకుందామని కూడినం. డాక్టరును యాది చేసుకుంటే మామూలుగా ఏం చెప్తరు? చెయ్యి మంచిది, పైసలకు ఆశపడలే, అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చిండు అని చెప్తరు. అట్లాంటి డాక్టర్లకు మనం ఎప్పుడూ దండం పెడతం. నేను చెప్పబోయే డాక్టరు మాత్రం మన వాడకు సూది వెయ్యడానికి వచ్చిన మనిషి కాదు. మనలో చాలామంది ఆయన పేరు కూడా విని ఉండరు. కానీ మన పిల్లల కంచంలో ఏమున్నది, ఏం లేదు అని లెక్క తీసి, సర్కారు ముందు పెట్టిన మనిషి ఆయన. పేరు డాక్టర్ సి. గోపాలన్. 1918 నవంబరు 29న తమిళనాడు సేలంలో పుట్టారు. నూరేండ్లు నిండినంక 2019 అక్టోబరు 3న పోయారు.

ఆయన పనిచేసిన చోటు మనకు దూరం కాదు. నారపల్లిలో బస్సెక్కి ఉప్పల్, హబ్సిగూడ దాటితే తార్నాక. అక్కడ ఉస్మానియా యూనివర్సిటీని ఆనుకొని జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. మనోళ్లు ఆ గోడ పక్కనుంచే పనులకు పోతరు, వస్తరు. లోపల ఏం జరుగుతదో మనకు ఎవ్వరూ చెప్పలే. ఆ సంస్థ 1918లో నీలగిరి కొండల్లో కూనూరులో ఒక్క గదిలో మొదలైంది. అప్పట్లో బెరిబెరి అనే రోగం మీద విచారణ చెయ్యడానికి పెట్టారు. 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969లో ఇప్పుడున్న పేరు పెట్టారు. 1960 దశకమంతా దాన్ని నడిపింది గోపాలన్ గారు.

ఒక్క మనిషి గురించి చెప్తే ఈ కథ సగమే అయితది. కూనూరులో ఆయనతో పనిచేసిన ఇంకో డాక్టరు ఉన్నారు. మన తెలుగు మనిషి, శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, తర్వాత ఆక్స్‌ఫర్డు దాకా పోయినారు. మూడో మనిషి డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య. ఈ ముగ్గురూ మన వాడల్లో పుట్టినవాళ్లు కాదు. మనలాగ ఆకలి చూసి పెరిగినవాళ్లని కూడా నేను అనను. కానీ చదువు చేతికొచ్చినంక ఆ చదువును ఆకలిగొన్నవాళ్ల దిక్కు తిప్పినవాళ్లు. అందుకే మన పత్రికలో, మన సభలో వాళ్ల పేర్లు చెప్పుకుంటున్నం.

1955లో గోపాలన్, రామలింగస్వామి కలిసి మన దేశంలో క్వాషియార్కర్ అనే రోగం గురించి రాశారు. పేరు నోరు తిరగకపోవచ్చు గాని, రోగం మన అవ్వలకు ఎరుకే. పిల్లకు కాళ్లు ఉబ్బుతయి, మొహం నీరొస్తది, వెంట్రుకలు ఎర్రబడి ఊడుతయి, పిల్ల ఆట మాని మూలకు కూసుంటది. మనం దాన్ని దిష్టి అన్నం, గాలి సోకింది అన్నం, తాయెత్తు కట్టినం. డాక్టర్లు ఏమన్నరు? ఇది తిండి లేని రోగం అన్నరు. పాలు మాన్పించినంక పిల్లకు పెట్టడానికి ఇంట్ల సరైన బువ్వ లేకపోవడమే కారణం అన్నరు. దేవుని మీద, దయ్యం మీద ఉన్న నేరాన్ని తీసి కంచం మీద పెట్టిన్రు.

ఇక జొన్నల సంగతి వినండి. జొన్న గటక, జొన్నరొట్టె తిని బతికిన కైకిలోళ్లకు మెడ చుట్టూ, చేతుల మీద, పాదాల మీద తోలు నల్లబడి పొరలు పొరలుగా లేచే రోగం వచ్చేది. విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి తప్పేది. దాన్ని పెల్లాగ్రా అంటరు. నియాసిన్ అనే విటమిన్ ఒంటికి అందకపోతే వస్తది. వేరే దేశాల్లో మక్కలు తినే పేదలకు వచ్చేది, మన దక్కన్‌ల జొన్నలు తినే పేదలకు ఎందుకొస్తున్నది? గోపాలన్, శ్రీకంఠయ్య కలిసి దీన్ని పట్టుకున్నరు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువుంటది, అది నియాసిన్ పనికి అడ్డం పడుతున్నదని 1960లో లండన్ లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ లూసిన్ మాట మీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య వాదనలు నడిచినయి. కానీ రోగం ఎవరికొచ్చింది అన్నదాని మీద వాదన లేదు. జొన్న చెడ్డది కాదు. జొన్నతోటి పప్పు, పాలు, కూర తిన్నోనికి ఈ రోగం రాలే. జొన్న తప్ప ఇంకేం దొరకనోనికి వచ్చింది. దొర ఇంట్ల జొన్నరొట్టె పక్కన ఏమున్నది, మన గుడిసెల జొన్నరొట్టె పక్కన ఏమున్నది అని చూస్తే రోగం ఎక్కడ పుట్టిందో తెలుస్తది.

ఆ కాలంలో ఐక్యరాజ్య సమితి పెద్దలు ఒక మాట లేపిన్రు. పేద దేశాల పిల్లలకు మాంసకృత్తులు తక్కువైనయి, పొడులు చెయ్యాలె, డబ్బాలు పంపాలె అన్నరు. కంపెనీలకు ఇది పండుగే. గోపాలన్ ఒప్పుకోలే. ముందు కడుపు నిండనియ్యండి అన్నరు. ఊర్లల్ల చిన్నపిల్లలకు 14 నెలలు రోజూ అదనంగా 310 కాలరీల తిండి పెట్టి చూసిన్రు. దాంట్ల మాంసకృత్తులు 3 గ్రాములే. 310 కాలరీలంటే దాదాపు 90 గ్రాముల జొన్నపిండిలో ఉన్న బలం. అంతే. ఆ తిండి తిన్న పిల్లలు, తినని పిల్లలకన్న బరువూ పెరిగిన్రు, ఎత్తూ పెరిగిన్రు. 1973లో దీన్ని అచ్చేసిన్రు. మనోళ్లకు కావలసింది డబ్బా కాదు, కడుపు నిండ బువ్వ అని మన అవ్వ చెప్తే ఎవ్వరు వినలే. అదే మాట డాక్టర్లు తూకం వేసి చెప్పిన్రు.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్న. నేను పంతులును. బడిలో పొద్దున ప్రార్థనకు పిల్లలను ఎత్తు ప్రకారం నిలబెడతం. పొట్టోళ్లు ముందు, పొడుగోళ్లు వెనుక. ముందు వరుసల ఎవరుంటరో చూడండి. మన వాడ పిల్లలే ఎక్కువ. తరగతిలో వెనుక బెంచీకి నెట్టిన పిల్లలు ప్రార్థనలో ముందుంటరు! దీన్ని చూసి తోటి పంతుళ్లు కొందరు, "వాళ్లది పొట్టి జాతి సార్" అంటరు. మనోళ్లు కూడా, "మా అయ్య పొట్టి, మేం పొట్టి, వీడూ అంతే" అని సర్దుకుంటరు.

ఇదే మాటను 1980లలో పెద్ద చదువులోళ్లు కూడా అన్నరు. డేవిడ్ సెక్లర్ అని అమెరికా అర్థశాస్త్రవేత్త, పేద దేశాల పిల్లలు చిన్నగున్నా ఆరోగ్యంగానే ఉన్నరని వాదించిండు. ఆ మాట నిలబడితే ఏమైతది? ఆకలి లెక్కలు సగం ఒక్క కలంపోటుతో పోతయి. సర్కారు పెట్టాల్సిన బువ్వ మిగులుతది. గోపాలన్ 1983లో దీనికి ఎదురు నిలబడ్డరు. చిన్నగుండుడు మంచిదైతే పేదలకే ఎందుకు మంచిది, ఉన్నోళ్ల పిల్లలకు ఎందుకు కాదు అని అడిగిన్రు. తిండి చాలక ఒళ్లు కుదించుకున్న మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు, బతకడానికి రాజీపడ్డట్టు అన్నది ఆయన వాదం సారం.

2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల ఎదుగుదల కొలతలు కొత్తగా ఇచ్చింది. దానికోసం ఆరు దేశాల పిల్లలను కొలిచిన్రు: బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమాన్, అమెరికా, మన ఇండియా. మన దేశంలో కొలిచింది దక్షిణ ఢిల్లీలో బాగా బతికే ఇండ్ల పిల్లలను. ఆ పిల్లలు నార్వే పిల్లలకు దగ్గర దగ్గరగానే పెరిగిన్రు! అంటే పుట్టుకతోటి మన నేల పిల్లలకు ఏ కొదువా లేదు. మరి మన తెలంగాణలో? 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేండ్ల లోపు పిల్లల్లో నూటికి 33.1 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ముగ్గురిలో ఒకరు. ఇది జాతి గుణమా? కాదు. ఇది ఆకలి, కలుషిత నీళ్లు, మళ్లీ మళ్లీ వచ్చే విరేచనాలు, తల్లి ఒంట్లో రక్తం లేకపోవడం. వీటన్నిటి లెక్క పిల్ల ఎముకల మీద రాసి ఉంటది.

తల్లి మాట వచ్చింది కాబట్టి రామలింగస్వామి గారి పని చెప్తా. హిమాచల్‌ల కాంగ్రా లోయలో గొంతు కింద గడ్డ లేసే జనం ఉండేవాళ్లు. ఉప్పులో అయోడిన్ కలిపి ఇస్తే ఆ గడ్డ తగ్గుతదని 1956 నుంచి ఏండ్ల తరబడి అక్కడ చూసి రుజువు చేసిన్రు. మన ఇంట్ల అయోడిన్ ఉప్పు పొట్లం వెనుక ఆ పని ఉన్నది. 1996లో ఆయన ఇద్దరు సహచరులతో కలిసి యూనిసెఫ్‌కు ఒక వ్యాసం రాశారు. ఆఫ్రికా మనకంటే పేదది కదా, మరి పిల్లల్లో పోషణ లోపం మన దిక్కు ఎందుకు ఎక్కువ అని అడిగిన్రు. మన ఆడోళ్లకు ఇంట్ల విలువ లేకపోవడం ముఖ్య కారణం అన్నరు. అన్నలారా, ఇది మనకూ తగిలే మాట. వాడలో చివర తినేది ఎవరు? కుండ అడుగున మిగిలింది ఎవరికి? కడుపుతో ఉన్న కోడలు అందరికీ వడ్డించి ఆఖరుకు తొక్కుతో తింటే, పుట్టే బిడ్డ రెండున్నర కిలోలు ఎట్ల తూగుతది? ఊరు మనల్ని వెలివేసిందని మనం కొట్లాడుతున్నం. ఇంట్ల ఆడమనిషిని కంచం దగ్గర వెలివేస్తే ఆ కొట్లాట సగంలనే ఆగుతది.

ఇంకో మాట. గోపాలన్ గారి సంస్థ మన దేశపు తిండ్లన్నిటి బలం లెక్కగట్టి పుస్తకం వేసింది. దాంట్ల 100 గ్రాముల గొర్రె కూరలో 18.5 గ్రాముల మాంసకృత్తులు అని రాసి ఉన్నది. 100 గ్రాముల పెద్దకూరలో 22.6 గ్రాములు. శాస్త్రం మడి కట్టుకోలే. తూకంరాయికి అంటు లేదు! కానీ అదే గోడ పక్కన ఉస్మానియా యూనివర్సిటీలో 2012 ఏప్రిల్‌ల మన పిల్లలు పెద్దకూర పండుగ చేసుకుంటే కొట్లాటలు అయినయి. మన తాతలు తిన్నదాన్ని సిగ్గుపడేటట్టు చేసినవాళ్లు, మన పిల్లకు దాని బదులు ఏం పెడతరో మాత్రం చెప్పలే.

ఇక స్నేహం సంగతి. స్నేహం అంటే కలిసి ఫోటోలు దిగుడు కాదు. ఒకరి పేరు పక్కన ఒకరి పేరు పెట్టి పని చేసుడు. గోపాలన్ 1974 నుంచి 1979 దాకా దేశపు వైద్య పరిశోధన మండలి పెద్దగా ఉంటే, 1979 నుంచి 1986 దాకా అదే కుర్చీలో రామలింగస్వామి. గోపాలన్ ఢిల్లీ పోయినంక తార్నాక సంస్థను చూసుకున్నది శ్రీకంఠయ్య. కుర్చీలు మారినయి, ప్రశ్న మారలే. 2001లో రామలింగస్వామి పోయేదాకా ఇద్దరూ ఆ ప్రశ్నను విడువలే.

కానీ ఇక్కడ ఒక ముల్లు ఉన్నది, దాన్ని దాచను. డాక్టర్ల మధ్య ఈ తోటితనం మన పిల్లలకు దక్కుతున్నదా? 2019 మే నెలలో ముంబైలో పాయల్ తాడ్వీ అనే ఆదివాసీ డాక్టరు, పీజీ చదువుకుంటూ ప్రాణం తీసుకున్నది. కులం పేరుతో వేధించారని ముగ్గురు సీనియర్ డాక్టర్ల మీద కేసు పెట్టిన్రు. ఆకలి లెక్క తెలిసిన పిల్ల డాక్టరైతే ఆ చదువు ఎంత దూరం పోతదో! అట్లాంటి పిల్లను ఒంటరిని చేసి తరిమితే నష్టపోయేది ఒక్క ఇల్లు కాదు. మన వాడ నుంచి మెడికల్ కాలేజీకి పోయిన పిల్ల ఉంటే నెలకోసారి పోయి పలకరించండి. తోడు లేనిది చదువు నిలబడదు.

చివరకు చేసే పని చెప్తా. రాసుకోండి.

ఒకటి. నాచారంలో సర్కారు తిండి ఫ్యాక్టరీ ఉన్నది. బాలామృతం అక్కడ తయారైతది. ఏడు నెలల నుంచి మూడేండ్ల దాకా పిల్లకు నెలకు రెండున్నర కిలోల పొట్లం రావాలె. వచ్చిందా, పిల్ల తిన్నదా, బర్రెకు పోయిందా చూడండి. ఇది ఎవరి దానమూ కాదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరేండ్ల లోపు పిల్లకు అంగన్‌వాడీ తిండి హక్కు.

రెండు. కడుపుతో ఉన్నోళ్లకు, బాలింతలకు 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు పెట్టాలె. తల్లి అక్కడే కూసొని తినాలె. ఇంటికి తెస్తే ఆమె వాటా పదిమందికి పంచబడతది.

మూడు. నెల నెలా పిల్ల బరువు, ఎత్తు కొలిపించండి. కార్డు మీద గీత కిందికి దిగితే అడగండి. "మీ పిల్లలు అంతే" అని ఎవరన్నా అంటే గోపాలన్ పేరు చెప్పండి.

నాలుగు. బక్కచిక్కిన పిల్లల కోసం తార్నాక సంస్థ చెప్పిన హైదరాబాదు మిక్స్ ఇది: గోధుమలు 40 గ్రాములు, శెనగలు 16, పల్లీలు 10, బెల్లం 20. గింజలు వేయించి పిండి పట్టి, బెల్లం కలపాలె. 330 కాలరీలు, 11 గ్రాముల పైన మాంసకృత్తులు వస్తయి. అన్నీ మన కిరాణా కొట్టుల దొరికేటియే. కాళ్లు ఉబ్బిన పిల్లను, మరీ సొక్కిన పిల్లను మాత్రం ఇంట్ల పెట్టుకోకుండా దవాఖానకు తీసుకపోండి.

ఆ డాక్టర్లు లెక్క తీసి పెట్టి పోయిన్రు. ఆ లెక్కను వసూలు చేసుడు మన పని. అంగన్‌వాడీ తలుపు రేపు పొద్దున తెరుస్తరు. తూకం పిల్లల కోసమే ఉన్నది. పోదాం పదండి.

జై భీమ్!