వేఱువేఱిండ్ల నొకే వంట

(కొయ్యూరు వార్షికసభయందు చేసిన యుపన్యాసము)



పలువురొకచోట చేరి భుజించుట సహభోజనము. దాని మహిమ మీరెఱిగినదే. ఎవరియింట వారుండి, ఒకేదినమున ఒకే పదార్థమును సిద్ధపఱచి భుజించుట వేఱొకటి. దానిని సహపాకమందము. విందువలె నిదియు సంఘమును నిలుపునది; విందు చేరలేనిచోటికి సయితము చేరునది.

ఇది క్రొత్త యాచారము కాదు. ఉగాది పచ్చడిని చూడుడు. శాస్త్రమున దీనికి నింబకుసుమభక్షణమని పేరు. వేపపూవు చేదు, క్రొత్తబెల్లము తీపి, క్రొత్త చింతపండు పులుపు, మామిడిపిందె వగరు, పిదప ఉప్పు, కారము. కారమునకు కొందరు మిరియము, కొందరు పచ్చిమిరప వాడుదురు. కొన్నియిండ్ల అరటిపండును చేర్తురు. ఒకయింట తీపి మించును, ఒకయింట పులుపు మించును. అయినను పేరొకటే, దినమొకటే. దీనికి పొయ్యి రాజేయ పనిలేదు; వంట నేర్వని పురుషుడును కలుపవచ్చును.

మన చుట్టునున్న మన్యపు గ్రామముల సంప్రదాయము ఇంతకంటెను దృఢమైనది. మామిడికొత్త జరుగనిదే క్రొత్త మామిడికాయను నోట పెట్టరాదు. కొర్రకొత్త కానిదే క్రొత్త కొర్రలను వండరాదు. ఊరంతయు దినము నిర్ణయించుకొని, దేవతకు నివేదించిన పిమ్మటనే ఇంటింట భుజింతురు. ముందుగా పండిన చేను గలవాడును ఆ దినమువఱకు వేచియుండవలసినదే. కలిమి గలవాడు లేనివానికొఱకు ఆగుటయే యిందలి ధర్మమని మాకు తోచుచున్నది.

2020 మార్చి 25వ తేదీన శార్వరి ఉగాది వచ్చినది. దేశమంతటను 21 దినముల లాక్‌డౌను మొదలైనదియు ఆనాడే. పంచాంగశ్రవణమునకు జనులు గుమిగూడలేదు, బంధువులు రాలేదు. అయినను ఇండ్లలో పచ్చడి మానలేదు. పందిరి వేయలేనినాడు మనలను కలిపినది ఆ చిన్నగిన్నెయే. విదేశములందున్న మన బిడ్డలకును ఇదియే బంధము. తిథిని అచ్చటి సూర్యోదయమునుబట్టి గణింతురు గనుక, అమెరికాలో కొన్ని యేండ్లు ఉగాది మనకంటె ఒకదినము ముందుగనే వచ్చును. గడియారము వేఱైనను ఉదయమొకటే కదా!

అయితే ఒక లోపము కలదు. ఏ యింటనైనను గిన్నె వట్టిదైనచో, మిగిలినవారిది సహపాకమెట్లగును? మంచముపట్టినవారు, ఒంటరి వృద్ధులు, బాలింతలు సభాపంక్తికి రాజాలరు. పట్టణమున అద్దెగదిలో నున్నవానికి వేపచెట్టు లేదు. పూటగడువని యింట క్రొత్తబెల్లము కొనుటయు భారమే.

కావున మా ప్రార్థన యిది. సంఘము విందునకు వ్యయపఱచు ధనములో కొంత తీసి, ఉగాది ముందునాటి సాయంకాలమున వేపపూవు, బెల్లము, చింతపండు, మామిడిపిందె గల పొట్లమును ఇంటింటికి పంపవలయును. చెట్లున్నవారు పూవును, పిందెలను ఇచ్చినచో ఖర్చు స్వల్పమే. పేదలకు మాత్రమే పంపుట కూడదు. ధనికుని గుమ్మమునకును అదే పొట్లము పోవలయును. అందఱికిని ఇచ్చినప్పుడు, పుచ్చుకొన్నవాడెవ్వడును తలవంచనక్కఱలేదు. పొట్లమిచ్చు యువకుడు గుమ్మమునుండియే మరలక, లోనున్న వృద్ధుని కుశలమడిగి, కలుపలేనివారికి తానే కలిపి యీయవలయును. పొరుగున నున్నవారు మన సంఘమువారు కాకపోయినను ఆ గుమ్మమును దాటిపోరాదు. ఈ పచ్చడికి కులము లేదు.

దాతలు దీనిని చిత్తగించి, రానున్న ఉగాదికే ఆరంభింతురుగాక యని కోరుచు విరమించుచున్నాము. స్వస్తి.