చంటిబిడ్డల మలబద్ధము: ఇంట చేయదగినది, చేయరానిది

(మన సంఘ మహిళా విభాగమువారు మదురలో జరిపిన తల్లుల సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



ఈ విషయమున మాటలాడుటకు వైద్యుని పిలువక నన్నేల పిలిచితిరని మొదట సంకోచించితిని. నేను మెట్రిక్యులేషను వరకు చదివి, ఆపై తండ్రిగారి నాటుమందుల అంగడిలో కూర్చున్నవాడను. కాని కార్యదర్శినిగారు ఒక మాట అనిరి: “బిడ్డకు విరేచనము కాలేదనగానే మన ఇండ్లవారు మొదట వచ్చునది మీ అంగడికే గదా!” అది నిజము. ఆముదము, వస, కరక్కాయ, మాచికాయ, జాజికాయ, తేనె, గ్రైపువాటరు, అన్నియు నా అంగడిలో కలవు. ఆ సరకు అమ్మువాడనే గనుక, దాని మంచిచెడ్డలు చెప్పవలసిన బాధ్యతయు నాకు కలదని ఒప్పుకొంటిని. చెప్పబోవునది పిల్లల వైద్యులను అడిగి కొంత, చదివి కొంత తెలిసికొన్నది. మిగిలినది మా ఇంట దెబ్బతిని నేర్చుకొన్నది.

ఆ దెబ్బ సంగతియే ముందు చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట మా చెల్లెలు తొలికాన్పునకు పుట్టింటికి వచ్చెను. బిడ్డ తల్లిపాలే త్రాగుచుండెను. నెల దాటి, రెండవ నెల నడుచుచుండగా వరుసగా నాలుగు దినములు విరేచనము కాలేదు. అంతకుముందు దినమునకు ఐదారుసార్లు పోయిన బిడ్డ. ఇల్లంతయు కంగారుపడినది. మా అమ్మ “కడుపు కట్టుకొన్నదిరా, ఆముదము తెమ్ము” అనెను. అంగడినుండి నేనే తెచ్చితిని. కల్తీలేని సరకు. ఉగ్గుగిన్నెతో పోసితిమి. సాయంకాలము ఒకసారి అయ్యెను, అందరము సంతోషించితిమి. రాత్రికి నీళ్లవలె పోవ మొదలిడెను. తెల్లవారుసరికి ఎన్నిసార్లయినదో లెక్క తప్పినది. బిడ్డ కన్నులు గుంటలు పడెను, నడినెత్తిన మాడు లోపలికి దిగెను, మూత్రము ఆగెను, ఏడ్చుటకు సైతము ఓపిక లేకపోయెను. ఆసుపత్రిలో మూడు దినములు సెలైను ఎక్కించి బ్రతికించిరి.

అచ్చటి వైద్యురాలు మమ్ము తిట్టలేదు. ప్రశ్నలు మాత్రము అడిగెను. నూనె పోయకముందు బిడ్డ పాలు త్రాగుట మానెనా? లేదు. కడుపు ఉబ్బెనా, వాంతులయ్యెనా? లేదు. మూత్రము బాగుగ పోవుచుండెనా? పోవుచుండెను. “మరి ఆముదము ఏ జబ్బునకు పోసితిరి?” అని అడిగెను. మా అమ్మ నా ముఖము చూచెను, నేను గోడ చూచితిని.

జబ్బే లేదని తరువాత తెలిసినది. తల్లిపాలు త్రాగు బిడ్డ తొలి వారములలో దినమునకు పలుమారులు పోవుట సహజము. నెల, ఆరు వారములు దాటిన తరువాత ఆ పాలు ఇంచుమించు పూర్తిగా ఒంటికి పట్టి, మిగులునది తగ్గిపోవును. అప్పుడు మూడు దినములకొకమారు, ఒక్కొక్క బిడ్డ వారమునకొకమారు పోవుటయు కలదు. పోయినప్పుడు మెత్తగా ఉండి, పాలు త్రాగుచు, బరువు పెరుగుచు ఉన్న బిడ్డకు మలబద్ధము లేదు. కావున దినములు లెక్కపెట్టుట మాని మలమును చూడవలెను. గట్టిగా, మేకపెంటికలవలె ఉండలుగా వచ్చుట, వచ్చునప్పుడు బిడ్డ నొప్పితో ఏడ్చుట, పైన సన్నని నెత్తుటిచార కనబడుట: ఇవి మలబద్ధపు గురుతులు.

ముక్కుట మరియొక భ్రమ. మూడు నాలుగు నెలల బిడ్డ ముఖము ఎఱ్ఱబడునట్లు పది ఇరువది నిమిషములు ముక్కి, ఏడ్చి, చివరకు మెత్తగానే పోవును. కడుపు బిగించుటయు, క్రింది ద్వారమును వదలు చేయుటయు ఒకేసారి జరుగవలెను. ఆ పొందిక బిడ్డకింకను అలవడలేదు. కొలది వారములలో తానే నేర్చుకొనును. మనము తమలపాకు కాడను ఆముదములో ముంచి పెట్టుట, సబ్బు చెక్కి ముక్క పెట్టుట చేసినచో ఆ నేర్పు ఆలస్యమగును. అవి లేనిదే పోలేని అలవాటగును. సబ్బులోని క్షారము ఆ సుకుమారమైన చర్మమును మండించును. కాడ గీచుకొని పుండు పడుటయు కలదు. పుండైన బిడ్డ నొప్పికి భయపడి బిగబట్టును. అప్పటివరకు లేని మలబద్ధము అప్పుడు నిజముగా వచ్చును.

ఇక నా అంగడి సరకు. ఆముదము ప్రేగులను రెచ్చగొట్టి త్రోయించు మందు. పెద్దలకు ఒకప్పుడు మాసమునకొకమారు త్రాగించు ఆచారముండెను. మనలో కొందరికి ఆ వాసన ఇంకను జ్ఞాపకముండును. చంటిబిడ్డకు అది తగదు. పైగా బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి పోయునప్పుడు నూనె ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును. అట్లు వచ్చు న్యుమోనియా చాల మొండిది.

తేనె ఎంత మంచిదైనను సంవత్సరము నిండని బిడ్డకు నాకింపరాదు. తేనెలో ఒక్కొక్కప్పుడు బొటులిజము అను వ్యాధి బీజములుండును. పెద్దల కడుపులో అవి ఏమియు చేయలేవు. పసిబిడ్డ ప్రేగులలో మాత్రము మొలకెత్తి విషమును పుట్టించును; కండరములు చచ్చుబడును. శిశువులలో ఈ వ్యాధిని అమెరికాలో 1976లో గుర్తించిరి. దాని తొలి గురుతులలో మలబద్ధమొకటి! మలబద్ధము పోవుటకని నాకించిన తేనెయే మలబద్ధముతో మొదలగు రోగమును తేగలదు.

వసను మన తమిళ సోదరులు వసంబు అందురు; కొందరు దాని పేరు పలుకుటకు సైతము జంకి ‘పేరు చెప్పని మందు’ అందురు. దానిని, జాజికాయను, కరక్కాయను, మాచికాయను, శొంఠిని సానరాతిపై అరగదీసి నాలుకకు రాయుట ఉభయ భాషలవారి ఇండ్లలోను ఉన్నదే. నా అంగడిలో పావు తులము తేడా వచ్చినచో బేరగాండ్రు తగవులాడుదురు. బిడ్డ నాలుకపై రాయుదానిని మాత్రము తూచినవారెవరును లేరు. జాజికాయ హెచ్చినచో మత్తు కలిగించును. “మందు వేయగానే హాయిగా నిద్రపోయినది” అని సంతోషించునది ఆ మత్తునకే. వసను ఆహారములో కలుపుటను అమెరికా ప్రభుత్వము 1968లోనే నిషేధించెను. ఈ మాట చెప్పుట వలన నా వ్యాపారమునకు కొంత నష్టమే. అయినను నా చేతిమీదుగా వచ్చిన ఆ మూడు రాత్రులు నేను మరువలేదు.

ఆరు నెలలలోపు తల్లిపాలు త్రాగు బిడ్డకు నీళ్లు, గ్రైపువాటరు కూడ అక్కరలేదు. మన మదుర ఎండలలో సైతము ఆ పాలలోని నీరే చాలును.

మరి ఇంట చేయదగినదేమి? పాలు త్రాగిన వెంటనే కాక కొంతసేపైన తరువాత బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, వెచ్చని అరచేతితో బొడ్డు చుట్టును గడియారపు ముల్లు తిరుగు దిశగా మెల్లగా రాయవలెను. పెద్దప్రేగు చుట్టిన దారి అదియే. నువ్వులనూనె నాలుగు చుక్కలు అరచేతికి పూసికొన్నను చాలును. రెండు కాళ్లను సైకిలు త్రొక్కినట్లు కడుపువైపు ముడిచి చాపవలెను. గోరువెచ్చని నీళ్ల స్నానము బిగువును వదలించును. ఇవి మన అమ్మమ్మలు కాళ్లపై పరుండబెట్టుకొని నీళ్లు పోయునప్పుడు చేసినవే. బలముగా నొక్కుట మాత్రము తగదు.

డబ్బాపాలు త్రాగు బిడ్డకు గట్టిగా పోవుచున్నచో మొదట గరిటెను చూడవలెను. బలము వచ్చునని పొడి కుప్పగా వేయుట, నొక్కి కూరుట మన ఇండ్లలో తరచుగా జరుగును. డబ్బాపై వ్రాసిన కొలత ప్రకారము నీళ్లు ముందు పోసి, గరిటెను అంచు సమముగా గీసి పొడి కలుపవలెను. డబ్బా ఎక్కువ దినములు రావలెనని పొడి తగ్గించుటయు తప్పే, బిడ్డ చిక్కిపోవును. సంవత్సరము నిండువరకు ఆవుపాలు, గేదెపాలు ముఖ్యాహారముగా పోయరాదు.

ఆరు నెలలు నిండి అన్నప్రాశనమైన తరువాతనే అసలైన మలబద్ధము ఎక్కువగా కనబడును. బియ్యపుపిండి జావ, నేంద్రపు అరటికాయ పొడి, పాలలో నానిన బిస్కత్తు, ఈ మూడింటితో దినము గడచిపోవును, పీచు ఎక్కడ? పప్పుతోపాటు ఉడికించి మెదిపిన ఆకుకూర, బాగుగ పండిన బొప్పాయి, గింజలు తీసి ఉడికించి నలిపిన జామపండు పెట్టవలెను. కిస్మిసు పండ్లను కడిగి, కాచి చల్లార్చిన నీళ్లలో రాత్రి నానబెట్టి, ఉదయమున మెత్తగా నలిపి వడకట్టి రెండు మూడు చెంచాలు పోయవచ్చును. అన్నము తిన్నప్పుడెల్ల కాచి చల్లార్చిన నీళ్లు కొన్ని చెంచాలు ఇయ్యవలెను. అరటిపండు విషయమున మగ్గినది పెట్టవచ్చును; దోరగా ఉన్నది బిగించును. సంవత్సరము దాటిన పిల్లలకు దినమునకు అరలీటరు మించి పాలు పోసినచో ఆ కడుపులో అన్నమునకు చోటుండదు. గట్టిపడుటకు అదియొక కారణము. ఇంత చేసినను వారము పది దినములలో మెత్తబడనిచో వైద్యుని అడిగి, ఆయన చెప్పిన మోతాదునే వాడవలెను.

వైద్యుని యొద్ద మాట సంగతి ఒకటి చెప్పవలెను. మనము ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడువారము. తెలుగున ‘విరేచనము కాలేదు’ అన్నచో మలము పోలేదని. ‘విరేచనములు’ అని బహువచనము చేసినచో అతిసారమని. ఒక్క ‘లు’లో రెండు వ్యతిరేక రోగములు! మన ముసలివారు ‘భేది కాలేదు’ అందురు. తమిళమున ‘పేది’ అనగా నీళ్లుగా పోవుట. కావున ఆసుపత్రిలో రోగము పేరు చెప్పక, ఎన్ని దినములైనది, గట్టిదా మెత్తదా, రంగేది, బిడ్డ పాలు త్రాగుచున్నదా అను నాలుగు సంగతులను చెప్పిన మేలు.

ఏమియు చేయక వెంటనే ఆసుపత్రికి పోవలసిన సందర్భములు కలవు. అట్టిది ఒకటి నా అంగడి ముందే జరిగినది. మా వీధిలోని ఒకాయన తమలపాకులు చేతబట్టుకొని వచ్చి ఆముదము అడిగెను. అప్పటికి మా ఇంటి సంగతి జరిగియున్నది గనుక బిడ్డ వయస్సు అడిగితిని. పుట్టి మూడవ దినము. తొలి మలము ఇంకను పోలేదట. ఉదయమునుండి పచ్చగా కక్కుచున్నదట. ఆముదము ఇయ్యక ఆటో పిలిచి పంపితిని. ఆ బిడ్డకు పెద్దప్రేగు చివరి భాగమున నరకణములు లేకుండెనట. ఆ భాగము కదలదు. మలము దానిని దాటి రాలేదు. కోపెన్‌హేగను నగరపు పిల్లల వైద్యుడు హిర్ష్‌స్ప్రుంగ్ 1886లో ఈ వ్యాధిని వర్ణించెను. 1948లో అమెరికాలో స్వెన్సన్ అను శస్త్రవైద్యుడు దానికి శస్త్రచికిత్స చేసి చూపెను. మా వీధి బిడ్డకును శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు బడికి పోవుచు మా అంగడిలో బెల్లపు ముక్క అడిగి తీసికొనును.

కావున పుట్టిన బిడ్డకు నల్లని తారువంటి తొలి మలము ఒక దినములో పోవలెను. పోనిచో వైద్యునికి చెప్పవలెను, రెండు దినములు దాటనీయరాదు. పచ్చని వాంతి, ఉబ్బి బిగిసిన కడుపు, జ్వరము, పాలు మానుట, సోలిపోవుట, బరువు పెరుగకుండుట కనబడినచో ఏ వయసున నైనను ఆలస్యము పనికిరాదు. ఆగి ఆగి కాళ్లు ముడుచుకొని కీచుమని ఏడ్చుచు, ఎఱ్ఱని జిగురువంటి నెత్తురు పోవుచున్న బిడ్డకు ప్రేగులో ప్రేగు దూరియుండవచ్చును. గంటలలో ప్రాణముమీదికి వచ్చును. మలబద్ధముతోపాటు పసరికలు తగ్గక, బిడ్డ ఎప్పుడును మందముగా నిద్రపోవుచు, గొంతు బొంగురుగా నున్నచో థైరాయిడు పరీక్ష చేయింపవలెను. దానికి మందు కలదు. ఎంత త్వరగా మొదలుపెట్టిన బుద్ధివికాసమునకు అంత క్షేమము.

సభలో ఒక అమ్మగారు “అట్లయిన ఇంటిలో తాతలనాటి వెండి ఉగ్గుగిన్నెను కరగించి వేయవలెనా?” అని ఇందాక నన్ను అడిగిరి. వద్దు. నెలలు నిండక పుట్టి, రొమ్ము పట్టలేని బిడ్డలకు తల్లిపాలు పిండి పోయుటకు ఆసుపత్రులలో నేటికిని అటువంటి ముక్కుగిన్నెనే వాడుదురు, పాలాడ అందురు. మరుగునీళ్లలో కాచి, బిడ్డ తల ఎత్తిపట్టి, కొంచెము కొంచెముగా పెదవి అంచున పోయవలెను. మా చెల్లెలి రెండవ బిడ్డ నెలలు నిండక పుట్టినప్పుడు, ఆముదము పోసిన ఆ గిన్నెతోనే మూడు వారములు తల్లిపాలు పోసితిమి.