ఇంటర్వ్యూ అయినాక ఎన్ని మెయిళ్లు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం చదువుకున్ననాడు ఇది వరంగల్ జిల్లా. 2016లో భూపాలపల్లి జిల్లాలోకి పోయింది, 2019లో ములుగు జిల్లా అయింది. నేనుండే అమెరికాలో ఎవరన్నా ఏ ఊరని అడిగితే మాత్రం జిల్లా చెప్పే పని లేదు. మేడారం అంటే చాలు, తెలుగువాళ్లు చేతులు జోడిస్తారు.

నేను ఇంజనీరును. సంఘం వాళ్లు నా ఉద్యోగం గురించి మాట్లాడమంటారనుకున్నాను. వాళ్లు ఫోన్ చేసి, "అన్నా, మనోళ్ల పిల్లలు డాక్టర్లయితున్నరు, అమెరికాల రెసిడెన్సీ అంటున్నరు, ఆ ముచ్చట చెప్పు" అన్నారు. వైద్యం నాకు తెలియదు. కానీ డాలస్ దగ్గర మా ఇంట్లో ఒక వెనక గది ఉంది. ములుగు, హనుమకొండ, నర్సంపేట దిక్కు నుంచి వచ్చిన పిల్ల డాక్టర్లు కొందరు ఆ గదిలో ఉండి పరీక్షలు రాశారు, ఇంటర్వ్యూలు ఇచ్చారు. వాళ్లంతా నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "మామా, డైరెక్టర్‌కు ఇంకో మెయిల్ పెట్టాల్నా?"

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇక్కడ ఎం.బి.బి.ఎస్. చదివినవాళ్లు అమెరికాలో వైద్యం చేయాలంటే అక్కడి పరీక్షలు పాసై, ఏదో ఒక ఆసుపత్రిలో రెసిడెన్సీ అనే శిక్షణ చేయాలి. అక్టోబర్ నుంచి జనవరి దాకా ఇంటర్వ్యూలు. 2020లో కరోనా వచ్చినప్పటి నుంచి చాలావరకు వీడియోలోనే. తర్వాత పిల్లలు తమకు కావలసిన ఆసుపత్రులను వరుసగా రాసి ఇస్తారు. ఆసుపత్రులు తమకు కావలసిన పిల్లలను వరుసగా రాసి ఇస్తాయి. ఆ రెండు జాబితాలను కంప్యూటర్ కలుపుతుంది. దీన్నే మ్యాచ్ అంటారు. 1952 నుంచి నడుస్తున్నది. మార్చి మూడో వారంలో సోమవారం నాడు సీటు వచ్చిందా లేదా చెబుతారు, ఎక్కడ వచ్చిందో శుక్రవారం చెబుతారు. 2024లో 41 వేలకు పైగా సీట్లుంటే, అమెరికా పౌరులు కాని విదేశీ డాక్టర్లలో నూటికి 60 మందికి లోపే సీటు దొరికింది. అంటే అప్పు చేసి, పొలం కుదువపెట్టి వచ్చిన పిల్లల్లో కూడా మిగిలిపోయేవాళ్లుంటారు. ఇంటర్వ్యూకు, మార్చికి మధ్య ఆ పిల్లలకు నిద్ర పట్టదు. ఆ నిద్ర పట్టని రాత్రుల్లోనే ఈ మెయిళ్లు పుడతాయి.

ఈ మెయిళ్ల వెనుక మన పెంపకం కూడా ఉంది. మన దగ్గర ఫైలు కదలాలంటే చెప్పులరిగేటట్టు తిరగాలి. "సారూ, నా కాయితం ఎందాకొచ్చింది?" అని వారానికోసారి కనబడకపోతే ఆ కాయితం అడుగుకు పోతుంది. కాబట్టి ఊళ్లో ఉన్న నాయిన ఫోన్లో, "ఇంకోసారి యాది చేయి బిడ్డా, మరిచిపోతరు" అంటాడు. పాపం, ఆయనకు తెలిసిన లోకంలో అది సరైన సలహానే.

అక్కడ మాత్రం అది పనిచేయదు. ఒక్కో ప్రోగ్రాంకు దరఖాస్తులు వేలల్లో వస్తాయి, ఇంటర్వ్యూలు వందల్లో జరుగుతాయి. డైరెక్టర్ అంటే రోజంతా రోగులను చూసే డాక్టరే, ఈ పని దాని మీద అదనం. జాతరలో మైకు గుర్తుందా? "ఫలానా ఊరి ఫలానా ఆమె తప్పిపోయింది, ఎక్కడున్నా రావాలె" అని పొద్దంతా పిలుస్తూనే ఉంటారు. మొదటి గంట చెవి పెట్టి వింటాం. తర్వాత మన ఇంటి పేరు పిలిచినా వినబడదు. ఆ డైరెక్టర్ మెయిల్ పెట్టె జనవరిలో అట్లనే ఉంటుంది.

మరి ఎన్ని మెయిళ్లు? నా లెక్క చెబుతాను. ఇంటర్వ్యూ అయిన ఒకటి రెండు రోజుల్లో కృతజ్ఞతగా నాలుగు వాక్యాలు. అందులో ఆ రోజు నిజంగా మాట్లాడుకున్న సంగతి ఒకటన్నా ఉండాలి. వాట్సాప్ గ్రూపులో దొరికిన నమూనా పంపకండి. ఒక అమ్మాయి అట్ల పంపిన దాంట్లో పాత ఆసుపత్రి పేరే మిగిలిపోయింది. ఆ తర్వాత చెప్పుకోదగ్గ కొత్త విషయం ఉంటేనే ఇంకొకటి: స్టెప్ 3 పాసయ్యారు, పరిశోధన పత్రం అచ్చయింది, అట్లాంటివి. "ఇప్పటికీ ఆసక్తిగా ఉన్నాను" అనేది కొత్త విషయం కాదు. వీసా కాగితాల్లాంటి మామూలు సందేహాలు కోఆర్డినేటర్‌ను అడగాలి, డైరెక్టర్‌ను కాదు. ఫోన్ అసలే వద్దు. ఇంటర్వ్యూ రోజున వాళ్లే "తర్వాత ఏమీ రాయకండి" అని చెబితే, కృతజ్ఞత కూడా మనసులోనే చెప్పుకోవాలి.

ఇక అసలు చిక్కు ఇంకో ఉత్తరంతో. "నా జాబితాలో మీదే మొదటి స్థానం" అని జాబితాలు ఇచ్చేముందు, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో రాసే ఉత్తరం అది. అది ఒక్కరికే రాయాలి. మన పిల్లలు కొందరు ఐదుగురికి రాస్తారు. "మామా, అందరూ అట్లనే చేస్తున్నరు" అంటారు. ఒకే విభాగం డైరెక్టర్లు ఒకరికొకరు తెలిసినవాళ్లు. అది పక్కన పెడదాం. రేపు రోగి ఇంటివాళ్లకు నిజం చెప్పాల్సిన మనిషి డాక్టర్. ఆ ఉద్యోగం కోసం రాసే ఉత్తరంలోనే అబద్ధమాడడం నాకు నచ్చదు, ముఖం మీదే చెబుతాను. మొదటి స్థానం ఇవ్వని చోట "మీ ప్రోగ్రాం నాకు చాలా నచ్చింది" అని రాయవచ్చు, అది నిజమైతే.

అసలు ఇవి లేకపోయినా కొంప మునగదని ఎందుకంటున్నానో చెప్పాలి. మన ఎంసెట్ వెబ్ ఆప్షన్లు తెలుసు కదా. కష్టమైన కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కింద పెట్టిన కాలేజీ పోదు. మ్యాచ్ ఆ విషయంలో అంతే. తేడా ఏమిటంటే, ఎంసెట్‌లో మీ ర్యాంకు అన్నిచోట్లా ఒకటే, ఇక్కడ ప్రతి ఆసుపత్రికీ దాని వరుస దానిది. కంప్యూటర్ ముందు అభ్యర్థి ఒకటో కోరిక దగ్గరికి పోతుంది. ఆ ఆసుపత్రి అతని పేరు రాసుకుని, సీటు ఖాళీగా ఉంటే తాత్కాలికంగా కూర్చోబెడుతుంది. వాళ్లు అతనికంటే పైన రాసుకున్న మనిషి వస్తే అతన్ని లేపి రెండో కోరిక దగ్గరికి పంపుతుంది. ఇట్ల అభ్యర్థి వైపు నుంచి మొదలయ్యే పద్ధతి 1998 నుంచి అమల్లో ఉంది. దాన్ని తీర్చిదిద్దిన ఆల్విన్ రోత్‌కు, ఈ లెక్కకు పునాది వేసిన లాయిడ్ షాప్లీకి 2012లో అర్థశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఇంజనీరును కదా, ఈ లెక్క చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఎవరు నన్ను ఇష్టపడ్డారో ఊహించి నా వరుస మార్చుకుంటే నాకే నష్టం, మార్చుకోకపోతే పోయేదేమీ లేదు.

మా వెనక గదిలో ఉన్న ఒక అబ్బాయి సంగతి చెబుతాను, పేరెందుకు. వరంగల్‌లో చదివాడు. ఇంటర్వ్యూలు నాలుగే వచ్చాయి. అతనికి బాగా నచ్చిన ఆసుపత్రి మెయిల్‌కు జవాబే ఇవ్వలేదు. ఇంకో చోటి డైరెక్టర్ మాత్రం, "మీరు మాకు చక్కగా సరిపోతారు, మీతో కలిసి పనిచేయాలని ఎదురుచూస్తున్నాం" అని రాశాడు. పిల్లగాడు గాలిలో తేలిపోయాడు. రాత్రి పదకొండింటికి వచ్చి, "మామా, నన్ను ఇష్టపడ్డోళ్లనే మొదట పెడ్త" అన్నాడు. ఇద్దరం బల్ల మీద కాయితం పరిచి, ఇప్పుడు చెప్పిన లెక్కంతా వేసుకున్నాం. అభ్యర్థి వరుస ఏమిటో చెప్పమని ఆసుపత్రి అడగకూడదని మ్యాచ్ నియమం. తమంతట తాము మంచి మాట చెప్పవచ్చు, కానీ ఆ మాటకు కట్టుబాటు లేదు. జాబితా ఒక్కదానికే విలువ. ఒంటిగంట దాకా వాదించి, తన మనసులో ఉన్న వరుసే పంపాడు. మార్చిలో మొదటిది రాలేదు. అంత తీయగా రాసిన రెండోదీ రాలేదు. మూడోది వచ్చింది, ఒక చిన్న ఊరి ఆసుపత్రి. ఆ శుక్రవారం వాళ్ల అమ్మ ఇక్కడ తల్లుల గద్దె దగ్గరికి బంగారం మోసుకొచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్లోనే పనిచేస్తున్నాడు.

సోమవారం నాడు సీటు రాలేదని తెలిసిన ఇళ్లు కూడా చూశాను. అప్పుడు తండ్రులు నాకే ఫోన్ చేస్తారు, "బావా, నీకు తెలిసిన డాక్టర్ ఎవరన్నా ఉంటే ఒక్క మాట చెప్పు" అని. ఆ వారంలో మిగిలిన సీట్లకు సోప్ అని ఇంకో ప్రక్రియ నడుస్తుంది. అందులో ఆసుపత్రి పలకరించేదాకా అభ్యర్థి గానీ, అభ్యర్థి తరఫున ఇంకెవరు గానీ వాళ్లను పలకరించకూడదు. ఇది మర్యాద కాదు, నియమం. తప్పితే పిల్ల మీదికే వస్తుంది. ఏడుస్తున్న తండ్రికి ఈ మాట చెప్పడం నాకు కష్టమే, అయినా చెబుతాను. ఆ నాలుగు రోజులు పిల్లకు వేళకు అన్నం పెట్టమంటాను.

సభ అయినాక తల్లిదండ్రులు కలవండి, నా నంబర్ సంఘం కార్యదర్శి దగ్గర ఉంది. పిల్లలు మెయిల్ రాసి పంపే ముందు నాకు చూపిస్తే, తెల్లవారుజాము అయినా సరే చదివి దిద్దిపెడతాను. డైరెక్టర్‌కు ఫోన్ చేయమని మాత్రం అడగకండి, చేయను.