చిన్న పెట్టె, పెద్ద సభ

నంద్యాల చర్చిలలోను, ఆళ్లగడ్డ ఉత్సవ కచేరీలలోను గిటారు వినిపించుచున్నది. పెద్ద సభకు వాద్యకారుని ఆంప్లిఫయరు చాలనిచో, మైకుసెట్టువారి పవర్ ఆంప్లిఫయరుతో కలుపుదురు. ఇచ్చట మేము మూడు మాటలు చెప్పదలచితిమి.

స్పీకరుకు పోవు తీగను పవర్ ఆంప్లిఫయరుకు తగిలింపరాదు. 50 వాట్ల పెట్టె 8 ఓముల స్పీకరుకు 20 వోల్టులు పంపును. పవర్ ఆంప్లిఫయరుకు 1 వోల్టు ప్రాంతము చాలును. కనుక 'లైన్ అవుట్' నుండియే తీసికొనవలెను.

వాల్వుల ఆంప్లిఫయరైనచో దాని స్పీకరును విప్పరాదు. విప్పినచో లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును.

గుయ్యిమను మోత పోవుటకై కొందరు ఎర్తుతీగను తెంచుదురు. అది ప్రాణాపాయము. గిటారు తీగలు ఆంప్లిఫయరు ఇనుపచట్రముతో కలిసియుండును. వాటిపై నుండునవి వాద్యకారుని చేతులే గదా!