దేవుని కొలువు - పనివాని మేర



మా మద్దికెర ప్రాంతమున పూర్వము కళ్ళములో జొన్నరాశి కొలుచునాడు ఒక మర్యాద యుండెడిది. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, తలారి మొదలగు ఆయగాండ్రకు వారి వారి మేర కొలిచి యిచ్చిన పిమ్మటనే రైతు బండి ఇంటి మొగము పట్టవలెను. రాశి చిన్నదైనను మేర తప్పరాదనెడివారు. మీలో పెద్దలు దీని నెఱుగుదురు. ఆ మర్యాదను మనసున నుంచుకొని, క్రైస్తవ సంస్థలలో పనిచేయువారి కష్టమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదట ఋణము చెప్పుకొనవలెను. 1810లో లండన్ మిషనువారు బళ్ళారిలో అడుగిడిన నాటినుండి ఈ సీమలో మిషనుల మూలమున బడులు వెలసినవి. చదువునకు దూరముగా నుంచబడిన వాడలకు అక్షరము చేరినది. నేనును కొంతకాలము ఒక మిషను పాఠశాలలో తెలుగు పండితుడనై ఆ యుప్పు తిన్నవాడనే. కావున ఇది ద్వేషముచే పలుకు మాట కాదు.

అచ్చట గంట కొట్టు నౌకరొకడుండెను. ఇరువదియాఱు సంవత్సరములు ఆ గంట వేళ తప్పలేదు. కార్యవర్గము మాఱినది. క్రొత్తవారు అతనిని పిలిచి, రేపటినుండి రావలదనిరి. తప్పేమో వారు చెప్పలేదు. అడుగుటకు అతనికి ధైర్యము చాలలేదు. నియామకపు కాగితము అతనియొద్ద లేదు. దేవుని పనికి కాగితమేల యని చేర్చుకొన్ననాడు చెప్పిరట! నా జీతము పోవునను భయముచే నేనును నోరు మెదపనైతిని. ఆ మౌనము నన్ను నేటికిని బాధించుచున్నది.

సేవ యనునది గొప్పమాట. తనంతట తాను విడిచినది త్యాగము; ఒరులు విడిపించినది దోపిడి. కోత కోసినవారి కూలి బిగబట్టిన ధనవంతులను యాకోబు పత్రిక గట్టిగా మందలించుచున్నది. వేతన మియ్యని యజమానికి కౌటిల్యుని అర్థశాస్త్రము దండనమును విధించినది. ఈ విషయమున రెండు మతములకు భేదము లేదు.

ఇక చట్టము మాట. రాజ్యాంగములోని 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను నడుపుకొను హక్కు నొసంగినది. ఆ హక్కు ఎంతవఱకు పోవును? ఉపాధ్యాయుని తొలగించుటకు ముందు అధికారుల యనుమతి కావలెనని మన రాష్ట్రమున 1975లో ఒక చట్టము వచ్చినది. హైదరాబాదులోని ఆల్ సెయింట్స్ హైస్కూలు మొదలగునవి సుప్రీంకోర్టు కెక్కగా, 1980లో ఆ నిబంధన అల్పసంఖ్యాకుల సంస్థలకు వర్తింపదని తీర్పు వచ్చినది. అయినను సస్పెన్షనునకు హద్దు విధించిన నిబంధనయు, జీతమును గడువునకు చెల్లింపుమన్న నిబంధనయు నిలిచినవి. 1986లో ఢిల్లీలోని ఫ్రాంక్ ఆంథొనీ పాఠశాల ఉద్యోగుల వ్యాజ్యమున, ఉద్యోగులకు తగిన జీతభత్యములు కల్పించుట ఆ హక్కునకు భంగము కాదని మన తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డిగారు తీర్పు వ్రాసిరి. 2009 నాటి సవరణ ఉపాధ్యాయులకును 1997 ఏప్రిలు 3 నుండి గ్రాట్యుటీ హక్కు కలిగించినది. 2022లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. సంస్థను నడుపు హక్కు వేఱు, పనివానిని అన్యాయము చేయుట వేఱు.

కాని గంట కొట్టువాడును, వంట చేయు నమ్మయు, గుడి యూడ్చు వృద్ధుడును కోర్టుల మెట్లెక్కగలరా? వారికి దిక్కు మీవంటి పెద్దలే. సంఘములో కూర్చుండు పెద్దలారా! మూడే మాటలడుగుడు. చేర్చుకొన్ననాడు కాగితమిచ్చితిరా? తొలగించునాడు తప్పు చెప్పి, అతని జవాబు వింటిరా? పంపునాడు రావలసినదంతయు లెక్క చూచి చేతికిచ్చితిరా? మన దేవాలయములలోను, మఠములలోను గూడ ఈ మూడు మాటలే యడుగవలెను.

ఆ నౌకరు నేడు లేడు. నేనానాడు అడుగని మాటను మీరైన నడుగుడని వేడుచున్నాను. మేర కొలువనిదే బండి కదలరాదు.