అదుపు చేసే కణానికి కబురు అందే చోటు

జీవితమంతా శరీరధర్మశాస్త్రం బోధించిన గురువు పేరిట జరుగుతున్న సభ ఇది. అందుకే ఈ ఏటి ఉపన్యాసానికి మెదడులోని ఒక చిన్న సంధి చరిత్ర విషయమైంది.

కొత్త జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్‌లో ఎక్కువ భాగం ఉత్తేజపరిచే పిరమిడ్ కణాలే. ఎలుక మెదడులో సీఏ1 అనే భాగానికి 2013లో వేసిన అంచనా ప్రకారం, ఒక్కో వైపు దాదాపు 3,11,500 పిరమిడ్ కణాలుంటే, వాటిని అదుపు చేసే నిరోధక కణాలు 38,500. ఇంత కొద్ది కణాలు అంత పెద్ద గుంపును ఎలా అదుపు చేస్తాయన్నది చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్నే. వాటికి ఎప్పుడు పూనుకోవాలో చెప్పేదెవరన్న ప్రశ్నకు మాత్రం అంత శ్రద్ధ దక్కలేదు. అసలు కథ అక్కడే ఉంది.

1873లో కెమిల్లో గోల్గీ కనిపెట్టిన వెండి రంగు పద్ధతి వేల కణాల్లో ఏ కొన్నింటినో నల్లగా చూపుతుంది. మిగతావి కనబడవు కనుక ఆ కొన్ని కణాలు కొమ్మలు, రెమ్మలతో సహా విడివిడిగా కళ్లకు కడతాయి. స్పెయిన్ దేశస్థుడు సాంటియాగో రమోన్ ఇ కాహాల్ 1893లో అదే పద్ధతితో హిప్పోకాంపస్‌ను వర్ణించాడు. పిరమిడ్ కణదేహాల చుట్టూ బుట్టలా అల్లుకున్న ఆక్సాన్ తీగలు ఆయన గీసిన బొమ్మల్లో ఉన్నాయి. అవి చేసే పనేమిటో రంగు చెప్పలేదు.

చెప్పింది కరెంటు. 1961లో ఎరిక్ కాండెల్, ఆల్డెన్ స్పెన్సర్ పిల్లుల హిప్పోకాంపస్‌లో పిరమిడ్ కణాల ఆక్సాన్లను వెనకవైపు నుంచి ప్రేరేపించారు. కణాలు ఒక్కసారి స్పందించి, ఆ వెంటనే సెకనులో పదో వంతుకు మించి మూగబోయాయి. 1963లో పెర్ ఆండర్సన్, జాన్ ఎకిల్స్, యింగ్వే లోయ్నింగ్ ఈ నిరోధం ఏ లోతులో గరిష్ఠంగా ఉందో కొలిచారు. అది కణదేహాల వరుస దగ్గరే ఉంది, అంటే కాహాల్ గీసిన బుట్టలున్న చోటే. పిరమిడ్ కణం ఆక్సాన్ పక్కకొమ్మ బుట్ట కణాన్ని లేపితే, అది తిరిగి పిరమిడ్ కణాల్ని అణుస్తుందన్న వలయం ఆనాటికి ఖాయమైంది.

అయితే ఒక్క పిరమిడ్ కణానికి ఎంత బలముంది? మెదడును పలుచటి ముక్కలుగా కోసి, గంటల తరబడి బతికించి ఉంచే పద్ధతి వచ్చాకే దీనికి జవాబు దొరికింది. రిచర్డ్ మైల్స్ గినీపందుల హిప్పోకాంపస్ ముక్కల్లో పిరమిడ్ కణాన్నీ నిరోధక కణాన్నీ ఒకేసారి సూక్ష్మ ఎలక్ట్రోడ్లతో పట్టుకున్నాడు. ఒకే ఒక్క పిరమిడ్ కణం పంపిన ఒక్క విద్యుత్ సంకేతం నిరోధక కణాన్ని లేపగలదని 1990లో చూపాడు. ఒక పిరమిడ్ కణం మరో పిరమిడ్ కణాన్ని లేపాలంటే సాధారణంగా అనేక సంకేతాలు కూడాలి.

ఇంత గట్టి సంధికి తాకే చోట్లు ఎన్నో ఉండాలని ఎవరైనా అనుకుంటారు. 1993లో అట్టిలా గుయాష్, తమాష్ ఫ్రోయిండ్ మైల్స్‌తో కలిసి అలాంటి జంటలకు రంగు ఎక్కించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వెతికారు. దొరికింది ఒకే స్పర్శ, గ్లూటమేట్ విడుదలయ్యే ఒకే స్థానం! ఈ చరిత్రలో ఇంతకంటే అందమైన ఫలితం లేదనాలి.

నిరోధక కణాలన్నీ ఒక తీరువి కావని కూడా అప్పటికే తెలుస్తోంది. 1998లో అఫియా అలీ, అలెక్స్ థామ్సన్ లండన్‌లో ఎలుక హిప్పోకాంపస్ ముక్కల మీద కొలిచి మరో సంగతి బయటపెట్టారు. పిరమిడ్ కణాల సందేశం కొన్ని నిరోధక కణాలకు మొదట బలంగా అంది ఆపై సన్నగిల్లుతుంది. ఓ-ఎల్ఎం అనే మరో రకానికి మొదట దాదాపు ఏమీ అందదు. సంకేతాలు వరసపెడితే బలం పుంజుకుంటుంది. మొదటి తట్టుకే తలుపు తీసే ఇల్లొకటి, నాలుగో తట్టుకు గాని కదలని ఇల్లొకటి అన్నమాట. ఫ్రెడెరిక్ పూయీ, మాసిమో స్కాన్‌జియాని 2004లో దీని ఫలితం చూపారు: సంకేతాల వరుస సాగేకొద్దీ నిరోధం పిరమిడ్ కణదేహాన్ని వదిలి కొమ్మల వైపు జరుగుతుంది.

మరి ఆ తేడాను నిర్ణయించేదెవరు? పంపే కణమేనని అనిపించడం సహజం. 1996లో రియుయిచి షిగెమోటో బృందం చూసింది వేరు. ఒకే ఆక్సాన్‌పై ఎదుట ఉన్న కణాన్ని బట్టి విడుదలను తగ్గించే ఎంజీలూఆర్7 అనే గ్రాహకం కొన్ని చోట్ల గుట్టగా ఉంది, కొన్ని చోట్ల పలచగా ఉంది. 2012లో ఎమిలీ సిల్వెస్ట్రాక్, అనిర్వన్ ఘోష్ ఓ-ఎల్ఎం కణాల్లో ఎల్ఫిన్1 అనే ప్రొటీన్‌ను గుర్తించారు. అది ఉండేది అందుకునే కణంలో. తగ్గించేది పంపే కణపు విడుదలను. అంటే శ్రోతే వక్త గొంతును సవరిస్తోంది.

ఇది ప్రయోగశాల ముచ్చటతో ఆగలేదు. మూర్ఛరోగంలో హిప్పోకాంపస్ ద్వారభాగమైన డెంటేట్ గైరస్‌లో బుట్ట కణాలు బతికే ఉన్నా, వాటిని లేపే కణాలు చనిపోవడంతో నిద్రాణమవుతాయని రాబర్ట్ స్లోవిటర్ 1991లో ప్రతిపాదించాడు. ఆ వాదంపై తర్జనభర్జన చాలాకాలం సాగింది. నిరోధక కణాలకు అందే కబురుకూ మూర్ఛకూ సంబంధముందనేందుకు 2014లో మరో ఆధారం జపాన్ నుంచి వచ్చింది: ఎదుటి ఆక్సాన్ మీదికి ఎంజీలూఆర్7ను రప్పించేది ఎల్ఫిన్1 అని తేలింది. ఆ ప్రొటీన్ తొలగించిన చిట్టెలుకలకు మూర్ఛలు వచ్చాయి.